నమ్మితే అబద్ధమయ్యే నిజం

మైలురాయి మాటను ఎవరు నమ్మినా నమ్మకపోయినా అది మారదు. రహదారిపై వెలిగే ఎలక్ట్రానిక్ సందేశ ఫలకం సంగతి వేరు. ముందు రద్దీ ఉంది, పక్క దారి ఖాళీ అని అది చెప్పిన మాటను నమ్మి అందరూ పక్క దారి పడితే, కాసేపట్లోనే ఆ మాట అసత్యమవుతుంది. నమ్మినందువల్లనే అబద్ధమయ్యే మాటను చెప్పేవారి ధర్మం ఏమిటి?

అమెరికాలోని న్యూజెర్సీ టర్న్‌పైక్‌ను చూడండి. 1951లో ప్రారంభమైన ఈ సుంకపు రహదారి కొంత మేర ఒక్కొక్క దిశలో రెండేసి పాయలుగా సాగుతుంది. లోపలి పాయ కార్లకు మాత్రమే. వెలుపలి పాయలో లారీలు, బస్సులతోపాటు కార్లూ పోవచ్చు. చీలిక వద్ద తలపైనున్న ఫలకాన్ని చదివి కారు నడిపేవారు క్షణాలలో నిర్ణయించుకోవాలి. ఆ తరువాత పాయ మారడం సులువు కాదు. ఎడిసన్ ప్రాంతంలో స్థిరపడిన మన తెలుగువారెందరికో ఇది పరిచితమైన చీలికే. ఒక పాయలో ప్రమాదం జరిగితే ఫలకం వాహనాలను రెండవ పాయకు మళ్లిస్తుంది. అక్కడ చోటు పరిమితమైనప్పుడు అందరూ పాటిస్తే అదీ నిండుతుంది. ఎవరూ పాటించకుంటే ఫలకమే దండగ. కొందరు నమ్మి, కొందరు నమ్మకపోతేనే తూకం కుదురుతుంది. ప్రభుత్వ వాక్కు ఫలించడానికి కొంత అవిశ్వాసం కూడా అవసరం కావడం విడ్డూరమే.

బ్రిటన్‌కు చెందిన వార్డ్‌రాప్ 1952లో రెండు సూత్రాలు ప్రతిపాదించాడు. ఎవరి మేలు వారు చూసుకుంటే, వాడుకలో ఉన్న దారులన్నిటిలోనూ ప్రయాణకాలం సమానమయ్యే స్థితి ఏర్పడుతుందన్నది మొదటిది. అందరి సగటు ప్రయాణకాలం కనిష్ఠంగా ఉండే స్థితి రెండవది. ఈ రెండూ ఒకటి కానక్కరలేదు. రెండవ స్థితి కావాలంటే కొందరు ఇతరుల కోసం ఎక్కువ సేపు పట్టే దారిన పోవలసి రావచ్చు.

అలా పొమ్మని వారికి చెప్పేదెలా? నిమిషాలను కాస్త మార్చి చూపితే పని సులభంగా జరిగిపోతుంది. లోకహితం కోసమే కదా అని అధికారి సమాధానపడవచ్చు. కానీ ఒక్క అర్ధసత్యంతో ధర్మరాజు రథమే నేలకు దిగింది. ఫలకంపై అంకె ఒకసారి అబద్ధమని తేలితే, మరునాడు వరద హెచ్చరికనూ జనం నమ్మరు. వరద, అగ్నిప్రమాదం వంటి వేళల్లో ఆజ్ఞ చాలు, కారణం చెప్పే వ్యవధి ఉండదు. మిగిలిన వేళల్లో ఉన్న నిమిషాలను ఉన్నట్లు చూపడమే మేలని నా అభిప్రాయం. త్యాగం కోరదలిస్తే దాన్ని త్యాగమని చెప్పే కోరాలి. అంబులెన్సు మోత విని పక్కకు తొలగేవారు కారణం తెలిసే తొలగుతున్నారు.

ఇందులో మరొకరి గోడు ఉంది. మళ్లించిన వాహనాలు ఊరి వీధిలో పడితే అక్కడ నివసించేవారిని ఎవరూ సంప్రదించరు. ఫలకం వారికి కనిపించదు. బడి వదిలే వేళకు తమ వీధి లారీలతో ఎందుకు నిండిపోయిందో వారికి తెలియదు.