వెంట వచ్చినవారి చేతిపని

సిరిసిల్ల ప్రాంతములో చేతిమగ్గమున్న యింటిని నీవు చూచియుందువు. మగ్గము మీద కూర్చుండువాడు ఒక్కడే. అయినను ఆ గుడ్డ ఒక్కని కష్టము కాదు. భార్య కండెలు చుట్టియిచ్చినగాని అతని చేయి ఆడదు. మరమగ్గములు వచ్చిన పిమ్మట ఆ పనులు మారినవి. అయితే ఈ ప్రాంతపు పల్లెలలో తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచు సంసారమును నిలుపుకొను స్త్రీలు నేటికిని ఉన్నారు. ఇరువురి చేతులును ఆడినగాని యిల్లు గడవదని ఇక్కడ ఎవరికిని బోధింపనక్కరలేదు.

ఇట్టి యింట పుట్టి చదువుకొన్న ఒక బిడ్డ ఎల్లంతకుంటలో ఉపాధ్యాయినిగా ఉన్నదనుకొనుము. ఆమె భర్త హైదరాబాదులో ఉద్యోగి. సంస్థవారు అతనిని అమెరికాకు పంపుచున్నారు. చుట్టములందరు ఆమెను అదృష్టవంతురాలనుచున్నారు. ఆమె మాత్రము తన సర్టిఫికెట్లను చేత పట్టుకొని, వీటిని పెట్టెలో పెట్టుకొందునా, ఇక్కడనే విడిచిపోదునా అని ఆలోచించుచున్నది. ఆ చిన్న సందేహములో ఒక పెద్ద ప్రశ్న ఉన్నది. ఒకరి ఉద్యోగము కొరకు ఇద్దరు ఊరు విడిచినప్పుడు, రెండవవారి పని ఏమగును? దానికి ఎవరు ఉత్తరవాదులు?

పూర్వము మన నేతవారు షోలాపురమునకును భివండికిని వలసపోయిరి. షోలాపురము చేరిన కుటుంబముల స్త్రీలనేకులు అక్కడ బీడీపనిలో చేరిరి. కూలి తక్కువ, శ్రమ ఎక్కువ. దానిని పొగడుట నా ఉద్దేశము కాదు. అయితే భర్త వెంట వచ్చినదానవు గనుక నీవు పని చేయరాదని ఏ చట్టమును వారిని ఆపలేదు.

నేడు సముద్రము దాటిపోవువారి సంగతి అట్లు కాదు. అమెరికాలో హెచ్-1బి వీసాపై పనిచేయువాని భార్యకు హెచ్-4 వీసా యిత్తురు. 2015 మే 26వ తేదీ వరకు ఆ వీసా గలవారికి జీతమునకు పనిచేయు హక్కు లేకుండెను. ఆ దినము మొదలుకొని కొందరికి మాత్రము అనుమతి కలిగినది. భర్తకు శాశ్వత నివాసము కోరుచు యజమాని వేసిన ఐ-140 అర్జీ ఆమోదము పొందియుండవలెను. లేదా ఆ ప్రయత్నము సాగుచున్నందున అతని వీసా ఆరేండ్ల హద్దు దాటి పొడిగింపబడియుండవలెను. అప్పుడును అనుమతి కార్డు చేతికి వచ్చువరకు ఆగవలెను. అయితే సంస్థ అతనిని తన శాఖలోనికే మార్చి ఎల్-1 వీసాపై పంపినయెడల, భార్య 2021 నవంబరు మొదలుకొని వేరు కార్డు లేకయే పనిచేయవచ్చును. ఒకే విమానములో ప్రక్కప్రక్కన కూర్చున్న ఇద్దరు స్త్రీలలో ఒకతె దిగిన నెలలోనే ఉద్యోగములో చేరవచ్చును. మరియొకతె ఏండ్ల తరబడి కనిపెట్టుకొని యుండవలెను. భేదము వారి చదువులో లేదు, భర్తల వీసా మీది అక్షరములో ఉన్నది.

ఇది విని, గల్ఫునకు పోయినవాని భార్య నవ్వునేమో. దుబాయిలో భార్యను వెంట ఉంచుకొనుటకు నెలకు 4,000 దిర్హములు గాని, వసతితో కూడ 3,000 దిర్హములు గాని జీతముండవలెనని నియమమున్నది. అంత రానివాడు ఒంటరిగా పోవును, ఆమె ఇక్కడ ఒంటరిగా ఉండును. ఆమె దుఃఖము పెద్దదే. అయితే ఒకరి ఆకలిని చూపి మరియొకరి దాహము దాహము కాదనుట న్యాయము కాదు.

ఇంటిపని పని కాదా, అని నీవు అడుగుదువు. అది గొప్ప పనియే. అయితే తానై కోరి యింట ఉండుట వేరు, వేరు దారి లేక ఉండుట వేరు. నిన్నటివరకు తన జీతములోనుండి తల్లికి మందులు పంపినది, నేడు అందుకొరకు చేయి చాపవలసివచ్చినప్పుడు, భర్త ఎంత మంచివాడైనను ఆమె మనస్సు కొంత క్రుంగును. పోయినది డబ్బు మాత్రమే కాదు, తన చేతికి విలువ ఉన్నదను నిబ్బరము.

అపొస్తలుల కార్యములలోని అకులను, ప్రిస్కిల్లను జ్ఞాపకము చేసికొనుము. కైసరు ఆజ్ఞ చేత వారు రోమా విడిచి కొరింథుకు వచ్చిరి. డేరాలు కుట్టుట వారి వృత్తి. గ్రంథము ఆ వృత్తిని అకులది అని చెప్పక వారిద్దరిది అని చెప్పుచున్నది. పరదేశములో వారి యిల్లు పౌలునకు ఆశ్రయమైనది. ఊరు మారినను ఇద్దరి చేతులకును పని ఉండెను.

కాబట్టి సహోదరుడా, బదిలీకి ఒప్పుకొనకముందే రెండు మాటలు విచారించుము. నాకు వచ్చు వీసా ఏది? నా భార్య ఎప్పటినుండి పనిచేయవచ్చును? జవాబును సంస్థయొద్ద వ్రాతమూలముగా తీసికొనుము. అనుమతి లేని కాలములో దొంగచాటు పనికి ఆశపడకుము. దొరికినయెడల ఆమె అక్కడ నిలుచుటయే కష్టమగును. జీతము లేని సేవయని పేరు పెట్టినను, జీతమిచ్చి చేయించు పనిని ఊరక చేయుట నిషిద్ధమే. హెచ్-4 మీద చదువుకొనుటకు మాత్రము అడ్డు లేదు; ఆ చదువు ఖర్చును నీ దానముగా ఎంచక ఆమె బాకీగా ఎంచుము. ఆమె పని విడిచి వచ్చినందుననే నీవు నిశ్చింతగా పని చేయుచున్నావు. కనుక నీకు వచ్చు జీతములో సగము ఆమె చేయి ఉన్నది. బ్యాంకు లెక్కలోను ఆమె పేరు ఉండనిమ్ము.

భార్య వెంట పోవు భర్తలారా, మీకును ఒక మాట. బ్రిటనుకు నర్సుగా పోయినదాని భర్తకు అక్కడ పనిచేయు హక్కు ఉన్నది, కాని తన చదువుకు తగిన పని వెంటనే దొరకకపోవచ్చును. గోదాములో మూటలు ఎత్తవలసివచ్చినను సిగ్గుపడకుము. కండెలు చుట్టిన మన తల్లులు మగ్గము తమది కాదని ఎన్నడును సిగ్గుపడలేదు గదా.

చదువరీ, నీ యింట ప్రయాణపు మాట ఉన్నయెడల, టిక్కెట్టు కొనకముందు ఈ రాత్రి ఆమెయొద్ద కూర్చుండి, నీ పని సంగతి ఏమి చేయుదము అని అడుగుము. పరవాలేదని ఆమె వెంటనే అనును. ఆ మాటతో లేచిపోకుము. మరల అడుగుము.