జ్ఞాపకం లేని డబ్బు

నోటుకి జ్ఞాపకం ఉండదు. నిన్న ఎవరి జేబులో ఉందో, ఏ కొట్లో చేతులు మారిందో, ఎందుకు మారిందో అది చెప్పదు. ఈ మతిమరుపు మంచిదా, చెడ్డదా? లంచానికీ నల్లధనానికీ అదే అండ అని అందరం ఒప్పుకుంటాం. పోపులడబ్బాలో దాచుకున్న డబ్బుకి కూడా అదే అండ. దాని గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోం.

యూపీఐ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ ఏడాదే నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. 2025 ఆగస్టుకల్లా ఒక్క నెలలో 2000 కోట్ల లావాదేవీలు దాటాయి. నాకు దీనితో పేచీ లేదు. చిల్లర లేదంటూ చేతిలో చాక్లెట్ పెట్టే రోజులు పోయాయి. ఊళ్లో ఉన్న అమ్మకి డబ్బు పంపాలంటే బ్యాంకు లైన్లో నిలబడక్కర్లేదు. నేనూ చాలాసార్లు పర్సు లేకుండానే బయటికి వెళ్తుంటాను.

మా అపార్ట్‌మెంట్లో పనిచేసే ఒకావిడ మాత్రం జీతంలో కొంత నోట్లుగానే అడుగుతుంది. "అంతా ఫోన్లో వెయ్యకమ్మా. మెసేజ్ ఆయనకి పోద్ది" అంటుంది. బ్యాంకు ఖాతా ఆమెదే, దానికి ఇచ్చిన నంబరు భర్తది. సొంత నంబరు పెట్టుకోవచ్చు కదా అని మనకి తేలిగ్గానే అనిపిస్తుంది. కానీ ఆ ఇంట్లో ఫోను ఎవరు అడిగితే వాళ్ల చేతికి ఇవ్వాల్సిన వస్తువు. పసుపు అడుగున మడిచిపెట్టిన నోటు గురించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. కూతురి ఫీజు కోసం ఆమె దాచే ఆ డబ్బుని నల్లధనం అనగలమా?

జర్మన్ ఆలోచనాపరుడు గియోర్గ్ జిమ్మెల్ 1900లో డబ్బు తత్వం మీద ఒక పెద్ద పుస్తకం రాశాడు. డబ్బు మనుషుల మధ్య బంధాల్ని పొడిగా మారుస్తుంది, కానీ ఆ పొడితనంలోనే మనిషికి కొంత స్వేచ్ఛ దొరుకుతుంది అంటాడు. దొరకి వెట్టి చేసేవాడి కంటే రొక్కం కట్టి చేతులు దులుపుకునేవాడు స్వేచ్ఛాపరుడు. కానీ ఇప్పుడు రొక్కం కట్టినా చేతులు దులుపుకోలేం. ఏ పూట ఎక్కడ తిన్నాం, ఎవరికి పంపాం, నెలాఖర్లో ఎంత మిగిలింది అన్నీ ఎక్కడో ఒకచోట నిలిచిపోతాయి.

ఇదంతా ఉచితమే కదా అంటారు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపు మీద వ్యాపారి ఏ రుసుమూ కట్టనక్కర్లేదు, నిజమే. కానీ సర్వర్లు గాలికి నడవవు. చిన్న వ్యాపారులకు అందే చెల్లింపుల కోసం 2024-25కి కేంద్రం సుమారు 1500 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించింది. అంటే ఫోనే లేని మనిషి సబ్బు కొన్నప్పుడు కట్టే పన్నులోంచి కూడా నా స్కాన్‌కి కొంత వెళ్తుంది. మిగతా ఖర్చు రాబట్టుకోడానికి యాప్‌లు మనకి అప్పులూ బీమాలూ అమ్మజూస్తాయి.

2025 జులైలో కర్ణాటకలో యూపీఐ వసూళ్ల లెక్కల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. బెంగళూరులో చాలా కొట్ల ముందు "నగదు మాత్రమే" అన్న కాగితాలు వెలిశాయి. సరుకులమ్మే వ్యాపారం ఏడాదికి 40 లక్షలు దాటితే రిజిస్టర్ చేసుకోవాలన్నది చట్టం. పన్ను ఎగ్గొట్టడాన్ని నేను సమర్థించను. నాకు గుచ్చుకునేది వేరే. 2018 నుంచి మన దేశంలో ఎన్నికల బాండ్లు ఉండేవి. కోటి రూపాయల బాండు కొని పార్టీకి ఇచ్చినా, ఇచ్చిందెవరో ఓటరుకి తెలిసేది కాదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసేదాకా అలాగే నడిచింది. అంటే బజ్జీలమ్మేవాడి ప్రతి పది రూపాయలకీ ఆనవాలు మిగిలిన రోజుల్లోనే, కోట్ల విరాళానికి చట్టబద్ధంగా ముసుగు ఉంది. పారదర్శకత మంచి మాటే. అది ఎటునుంచి ఎటు ప్రసరిస్తోందన్నదే ప్రశ్న.

నా మటుకు నాకు ఒక కొలత తోస్తుంది. డబ్బుతో ఇతరుల బతుకుల్ని మార్చగలిగే శక్తి ఎంత ఎక్కువైతే, ఆ డబ్బుకి అంత జ్ఞాపకం ఉండాలి. చిన్న మొత్తాలకి మరిచిపోయే గుణం ఉండాలి. ఇది సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. రిజర్వు బ్యాంకు 2022 అక్టోబరులో డిజిటల్ రూపాయి మీద తెచ్చిన పత్రంలోనే, చిన్న చెల్లింపులకి నగదులాంటి గోప్యత ఉండాలన్న ఆలోచన ఉంది. అంటే ఇది మనం ఎంచుకోవాల్సిన విషయం. ఎంచుకోకుండా వదిలేస్తే, సౌకర్యం మన తరఫున ఎంచేస్తుంది.

నోట్లు రేపే మాయమవుతాయని నేను అనను. కానీ "నగదు తీసుకోం" అన్న బోర్డు ఎక్కడైనా కనిపిస్తే, అది ఎవర్ని లోపలికి రానివ్వడం లేదో ఒకసారి ఆలోచిస్తాను. జీతం ఇచ్చే రోజున ఏటీఎం దాకా నడుస్తాను. పెద్ద పనేమీ కాదు, పది నిమిషాలు.