తొడుగు సంగతి ముందు చూడరా

ఒరేయ్ చిన్నా,

మొదటి జీతంలో పది వేలు పోసి చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు కొంటానని మీ అమ్మతో అన్నావట. కొనుక్కో, కాదనను. పాటల పిచ్చి ఈ ఇంట్లో నాతోనే మొదలైంది. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకీ శ్రీరామనవమి పందిళ్లకీ మైకు సెట్టు కట్టినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్పనియ్యి.

నువ్వు రోజూ వినేదేమిటో ముందు చూసుకో. ఘంటసాల కాలపు పాటలైతే ఆ రికార్డింగుల్లో అడుగున గుమ్మనేది తక్కువ, పైన బుసబుస ఎక్కువ. ట్రెబుల్ ఎత్తి చూపే ఇయర్‌ఫోన్లో ఆ పాట పెడితే గొంతుకంటే ముందు గీతల చప్పుడే వినపడుతుంది. ఇళయరాజా ఎనభైల పాటలు అలా కాదు. వాటిలో బేస్ గిటారు పాట కింద ఇంకో పాటలా నడుస్తుంది. బేస్ పలచగా ఉంటే అది మాయమైపోతుంది, మరీ ఉబ్బితే గొంతు మీదెక్కి కూర్చుంటుంది. కచేరీలు వినేవాడివైతే మృదంగం ఎడమ మూత గుమ్మనాలి, కుడి మూత టంగుమనాలి, రెండూ విడివిడిగా తెలియాలి. అన్నిటికీ ఒకటే జత అద్భుతంగా పలుకుతుందని ఎవడన్నా అంటే వాడు అమ్మేవాడన్నా అయ్యుండాలి, లేదా ఒక్క రకం పాటలే వినేవాడన్నా అయ్యుండాలి.

మేము చెట్లకు కట్టిన హారన్ స్పీకర్లకు బేస్ అనేదే లేదురా. 300 హెర్ట్జ్‌ల కింద దాదాపు ఏమీ పలికేవి కావు. అయినా ఊరవతల పొలంలో ఉన్నవాడికి కూడా మాట అందేది. హల్లులు తెలిసేది ఎక్కువగా పైనే, 1000కి ఎగువనే. అందుకే గొంతు ఇష్టపడేవాడు మధ్య స్వరాలు శుభ్రంగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ‘స, శ, ష’లు దండిగా ఉన్న ఆడగొంతు పాట ఒకటి పెట్టి చూడు. ప్రతి ‘స’కీ చెవిలో సూది గుచ్చినట్టుంటే ఆ జత నీకు వద్దు.

ఇప్పుడు నా బుద్ధితక్కువతనం చెబుతాను. నాలుగేళ్ల కిందట మీ మామయ్య ఒక జత పంపాడు. పెట్టుకుంటే ఖాళీ డబ్బా వాయించినట్టుంది. కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టి సొరుగులో పడేశాను. ఆరు నెలల తర్వాత పెట్టె సర్దుతుంటే చిన్న సంచిలో రబ్బరు తొడుగులు మరో రెండు సైజులు కనపడ్డాయి. ఎడమ చెవికి పెద్దది వేశానో లేదో, ఎక్కణ్ణుంచో డోలు ఊడిపడింది! నా కుడి చెవికి మధ్య సైజు సరిపోతుంది, ఎడమకి పెద్దది కావాలి. చాలామందికి రెండు చెవులూ ఒక్కలా ఉండవు. రంధ్రం పూర్తిగా మూసుకోకపోతే బేస్ అంతా సందులోంచి జారిపోతుంది. పాట మోగుతుండగా వేలితో మెల్లగా నొక్కి చూడు. నొక్కినప్పుడు బేస్ పెరిగితే తొడుగు చిన్నదన్నమాట. సిలికాన్ కుదరకపోతే ఫోమువి ఉన్నాయి, నలిపి పెడితే లోపల ఉబ్బి సర్దుకుంటాయి. కాస్త ట్రెబుల్ మెత్తబడుతుంది, తొందరగా అరుగుతాయి, అంతే. వారానికోసారి గుబిలి తుడుచుకోవడం మరిచిపోకు.

షాపువాడి చేతివాటం ఒకటుంది. ఖరీదైన జత పెట్టినప్పుడు సౌండు కాస్త పెంచి వినిపిస్తాడు. నేనూ ఒకచోట ఇలాగే బోల్తాపడ్డాను. సౌండు తగ్గితే చెవికి బేస్ సరిగా అందదని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే గీతలు గీసి చూపించారు. అందుకే కొంచెం గట్టిగా మోగేది ఎప్పుడూ మేలుగానే తోస్తుంది. రెంటినీ పోల్చేటప్పుడు సౌండు ఒకే మట్టానికి తెచ్చుకుని విను.

డ్రైవర్ల, అంటే లోపలి బుల్లి స్పీకర్ల లెక్కకు కూడా పడిపోకు. ఒక్కో చెవికి ఐదు, పది అని పెట్టె మీద గొప్పగా వేస్తారు. 1991లో వచ్చిన ఎటిమోటిక్ ఈఆర్-4లో చెవికి ఒక్కటే ఉండేది, అదీ వినికిడి యంత్రాల తరహాది. ఈనాటికీ దాని పేరు చెప్పుకుంటారు.

నా రుచిని మాత్రం నమ్మకు. డెబ్బై రెండేళ్ల చెవికి పై స్వరాలు సగం అందవు. నాకు తియ్యగా ఉన్నది నీకు గుచ్చుకోవచ్చు. నీ స్నేహితుల రుచీ నీకు పనికిరాదు. ముందు రెండు వేల లోపు తీగ ఉన్నదొకటి తీసుకుని, ఫోన్లో ఈక్వలైజరుతో ఒక నెల ఆడుకో. బేస్ పెంచితే హాయిగా ఉందా, మధ్యలో తగ్గిస్తేనా, పైన కోస్తేనా, ఒక కాగితం మీద రాసిపెట్టుకో. ఆ తర్వాత పది వేలు పెట్టినా ఏం కొంటున్నావో నీకు తెలుస్తుంది. ఆ నెలలోనే ఇది చాలని కూడా అనిపించవచ్చు, నాకు అలాగే అనిపించింది.

ఇంకొక్కటి. వారానికి 40 గంటలు వినేవాడు సగటున 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్ద బాక్సుల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న పాపానికి నా ఎడమ చెవిలో రాత్రిళ్లు ఈల మోగుతూనే ఉంటుంది. బండి మీద, రోడ్డు దాటేటప్పుడు అసలు పెట్టుకోకు.

పండక్కి వచ్చేటప్పుడు నువ్వు కొన్న జత పెట్టెలో మిగిలిన పెద్ద సైజు తొడుగులు పారేయకుండా తీసుకురా. నా ఎడమది చిరిగింది.

మీ తాతయ్య