నిఘంటువు పనిలోకి వస్తానన్న అమ్మాయికి

తల్లీ,

బీటెక్ చివరి ఏడాదిలో ఉండి, కంపెనీ ఉద్యోగం సంగతి తర్వాత, ముందు కంప్యూటర్ భాషాశాస్త్రం చదువుతాను, నిఘంటువుల పని నేర్చుకుంటాను అన్నావట. మీ నాన్న ఫోన్ చేసి ఒకటే బెంగ. నాకు మాత్రం చాలా సంతోషం వేసింది. వాడికి చెప్పాల్సిన ధైర్యం చెప్పాను. నీకు చెప్పాల్సినవి ఇక్కడ రాస్తున్నాను, తీరిక చేసుకుని చదువు.

ముందు బతుకుతెరువు. నిఘంటువు సంపాదకత్వమే పూర్తికాలపు ఉద్యోగంగా దొరికే చోట్లు తెలుగులో చాలా తక్కువ. ప్రాజెక్టు పేరుతో వస్తాయి, నిధులు అయిపోగానే ముగిసిపోతాయి. కాబట్టి పైథాన్, గణాంకశాస్త్రం గట్టిగా నేర్చుకో. మాటను అక్షరాల్లోకి మార్చే యంత్రాలు, అనువాద యంత్రాలు, ఫోన్లలోని కీబోర్డులు తయారుచేసేవాళ్ళకు ప్రోగ్రామింగూ తెలుగు వ్యాకరణమూ రెండూ తెలిసినవాళ్ళు కావాలి. చదువుకైతే దగ్గర్లోనే దారులున్నాయి: హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికాల పరిశోధన కేంద్రం, ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ. ఫారాలు నింపే ముందు అక్కడివాళ్ళు రాసిన పరిశోధన పత్రాలు నాలుగైదు చదివి చూడు. చదువుతుంటే నిద్ర ముంచుకొస్తే ఈ దారి నీది కాదేమో. నాకైతే ఆ అనుమానం లేదు.

డేటా బోలెడంత పోస్తే వ్యాకరణం యంత్రమే నేర్చుకుంటుందని నీ స్నేహితులు అంటారు. కొంత నేర్చుకుంటుంది కూడా. అలా అని నువ్వు వ్యాకరణం మానెయ్యకు. 'పడుతుంది' అన్న ఒక్క రూపం తీసుకో. వాన పడుతుంది, నిద్ర పడుతుంది. మొదటిది నిన్నటికి 'పడింది' అవుతుంది, రెండోది 'పట్టింది' అవుతుంది. ఒకటి పడు, రెండోది పట్టు. పైకి చూస్తే రెండూ ఒకటే. నిఘంటువులో దాన్ని ఏ ఆరోపం (శీర్షికగా పెట్టే మాట) కింద చూపించాలో తేల్చాలంటే క్రియారూపాలు ఎలా పుడతాయో నీకు కంఠతా వచ్చి ఉండాలి. మన అచ్చు నిఘంటువుల్లో క్రియ ఒక్క రూపంలోనే ఉంటుంది, జనం మాత్రం వందల రూపాల్లో వాడతారు. ఆ రూపాల నుంచి ఆరోపానికి తోవ వెయ్యడం మీ తరం పని.

ఇక అసలు సంగతి. అర్థం రాసే ముందు ప్రయోగాలు చూడాలి. పట్టునే మళ్ళీ తీసుకో. ఇనుముకు తుప్పు పట్టింది, పనికి రెండు గంటలు పట్టింది, బిడ్డకు పాలు పట్టింది, ముసురు పట్టింది, ఎవరేం చెప్పినా వాడికి పట్టదు. కూర్చుని ఆలోచిస్తే వీటిలో సగం తోచవు. 1987లో బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ బృందం తెచ్చిన కోబిల్డ్ ఇంగ్లీషు నిఘంటువు ఈ దారిలోనే తయారైంది. వెతికే మాట నడిమధ్యలో వచ్చేలా వాక్యాలను వరుసగా పేర్చి, వాటిని చదివి, అర్థాలు విడదీశారు. ఆ విడదీయడం దగ్గరే నీ చెవి, నీ తీర్పు కావాలి. ఈ రోజుల్లో కృత్రిమ మేధ భాషా నమూనాను అడిగితే అర్థమూ ఉదాహరణవాక్యమూ క్షణంలో రాసిస్తుంది. చిత్తుప్రతికి వాడుకో, తప్పులేదు. ఉదాహరణ మాత్రం ఎవరో ఒకరు నిజంగా అన్నదో రాసిందో అయితేనే నిఘంటువులో పెట్టు. యంత్రం అల్లిన వాక్యం రేపు మరో యంత్రానికి సాక్ష్యం అయిపోతుంది. ఈ విషయంలో ఎవరు తొందరపెట్టినా లొంగకు.

ప్రయోగాలు చూసి రాయడం మన దగ్గరా కొత్తది కాదు. 1936లో మొదటి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువును జయంతి రామయ్య పంతులుగారు కావ్యప్రయోగాల మీద నిలబెట్టారు. ఆయన గ్రాంథికవాది. వాడుకభాష కోసం ఆయనతో తలపడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతపు సవరల నోటినుంచి మాటలు విని రాసుకుని సవర–ఇంగ్లీషు నిఘంటువు కూర్చారు, అది 1938లో అచ్చయింది. వాదంలో నేను గిడుగువారి పక్షమే. అయినా ప్రతి అర్థానికీ ప్రయోగం చూపాలన్న రామయ్య పంతులుగారి పట్టుదలకు దణ్ణం పెడతాను. నువ్వు ఇద్దరి దగ్గరా నేర్చుకోవాలి.

నీ కంప్యూటర్‌లోకి దిగే తెలుగు ఎక్కడిదో కూడా చూసుకో. ఎక్కువ భాగం వార్తలు, సినిమా కబుర్లు, రాజకీయాలు. అందులో అరుదుగా కనిపించిన మాట జనంలోనూ అరుదని రాసేస్తే అన్యాయం. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. జిల్లా జిల్లాకూ మనుషులు వెళ్ళి, రైతులనూ నేతగాళ్ళనూ అడిగి రాసుకొచ్చిన మాటలవి. ఆ రైతుల మాటల ఆధారంతోనే తెలుగునేలను నాలుగు మాండలిక మండలాలుగా ఆయన గుర్తించారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని నన్నడిగితే ఆ రెండు సంపుటాలే చూపిస్తాను. పడుగు, పేక, ఆసు, కండె వంటి నేత మాటలు ఏ ఊళ్ళో ఎలా పలుకుతారో చదువుతుంటే, కోడ్‌తో ఏం చెయ్యాలో నీకే తోస్తుంది.

పాత వృత్తుల దగ్గరే ఆగిపోకు. భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల మీద బతికేవాళ్ళు 'కౌంటు' అంటారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క అది, ధర దాన్నిబట్టే. ఇంగ్లీషు మాటే గదా అని వదిలెయ్యడానికి లేదు, ఆ రైతు నోట అది తెలుగే. మరమగ్గాల షెడ్లలో, సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లలో, గల్ఫ్‌కి వెళ్ళొచ్చినవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో! వాటిని పోగుచేసిన వృత్తిపదకోశం వస్తే చూడాలని నాకెంతో ఆశ.

వెళ్ళినప్పుడు రికార్డర్ తియ్యకముందే ఎందుకు వచ్చావో వాళ్ళ భాషలోనే చెప్పి, ఒప్పుకుంటేనే మొదలుపెట్టు. మాట పక్కన ఊరు, తేదీ, చెప్పినవాళ్ళ వయసు, వృత్తి రాసుకో. వాళ్ళు సరేనంటేనే పేరు రాయి. మాట తప్పని సరిదిద్దకు, చెప్పింది చెప్పినట్టే తీసుకో. తయారైన పట్టికను ఎవరైనా వాడుకునే అనుమతితో బయట పెట్టు, ఒక ప్రతి ఆ ఊరి గ్రంథాలయానికో బడికో ఇచ్చిరా.

మీ నాన్నతో మళ్ళీ మాట్లాడతాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఖాళీ సంచి తెచ్చుకో, వృత్తిపదకోశం రెండు సంపుటాలూ నీకోసం తీసి పెట్టాను.

మీ పెదనాన్న