అప్పగించిన ఇల్లు – నిక్షేపధర్మము

శ్రీవారి దర్శనార్థము బయలుదేరు గృహస్థు వాకిట నిలిచి చేయు చివరి పని యేమి? మూటలు బండి కెక్కినవి; పిల్లలు కూర్చుండిరి; గోవిందనామము పలుకబడినది. అప్పుడాయన వెనుదిరిగి, తాళపుచెవిని పొరుగువారి చేతిలో నుంచి, "ఆవునకు వేళకు కుడితి పెట్టించండి. తులసికోటలో నీరు పోయండి. కుక్క రాత్రి అన్నము ముట్టకున్న కొంచెము బుజ్జగించండి" అని చెప్పును. ఆ మాటతో ఆయన యాత్ర మొదలగును. ఆ మాటతోనే తాళపుచెవి నందుకొన్నవాని వ్రతమును మొదలగును.

యాత్ర చేయువాని నియమములను గూర్చి పెద్దలు పెక్కు చెప్పియున్నారు. యాత్రికుని ఇల్లు కాచువాని నియమములను గూర్చి చెప్పువారు తక్కువ. పూర్వము ఉమ్మడి కుటుంబములలో ఎవరో ఒకరు ఇంట నిలిచెడివారు. నేడు పెక్కు యిండ్లలో అందఱును ఒక్కసారిగా ప్రయాణమగుదురు. విదేశములలోనైతే, యాత్ర చేయువారు కొందఱు ఊరు విడిచిన గృహస్థుల యిండ్లలో అద్దె లేకుండ బస చేసి, బదులుగా వారి కుక్కలను, పిల్లులను సాకుట పరిపాటి యైనది. దూరదేశములందున్న మన పిల్లలును ఇట్టి పనికి ఒప్పుకొనవచ్చును. పొరుగింటి కొట్టమైనను, పరదేశములోని మేడయైనను ధర్మ మొక్కటియే. ఈ పనికి క్రొత్తగా పూనుకొన్న భాగవతుల కొఱకు నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

పరుల సొత్తును నమ్మకముపై మన యొద్ద నుంచుటకు శాస్త్రమునందు నిక్షేపమని పేరు. మనుధర్మశాస్త్రము అష్టమాధ్యాయమున 18 వివాదపదములను లెక్కించుచు, ఋణాదానము తరువాత రెండవదిగా నిక్షేపమునే చెప్పినది. కౌటిల్యుడును అర్థశాస్త్రమున దీనికై ప్రత్యేకముగా నొక యధ్యాయమును కేటాయించెను. నిక్షేపము దొంగలచేత గాని, నీటిచేత గాని, నిప్పుచేత గాని నశించినచో, దానినుండి తాను ఏమియు తీసికొనకున్నంతవఱకు, కాచినవాడు బదులీయ నక్కఱలేదని మనువు చెప్పెను. దైవికమైన నష్టమునకు మనము బాధ్యులము కాము. కాని మన యేమఱుపాటును దైవముపై నెట్టుటకు వీలు లేదు. ఈ రెంటి నడుమనున్న గీటును ఎఱిగి నడచుకొనుటయే కావలివాని ధర్మము.

ఈ ధర్మమునకు భరతుని కంటె గొప్ప గురువు లేడు. శ్రీరామచంద్రుని పాదుకలను సింహాసనమున నుంచి, తాను నందిగ్రామమున నారచీరలు ధరించి, 14 సంవత్సరములు కోసలరాజ్యమును కాచెను. ప్రతి కార్యమును మొదట పాదుకలకు నివేదించి పిదప నడపెను. రాజ్యము తన చేతిలో నున్నది, తనది మాత్రము కాదు. శ్రీరాముడు లంకనుండి మరలి వచ్చుచు హనుమంతుని ముందుగా పంపి, భరతుని ముఖభావమును కనిపెట్టి రమ్మనెను. ఏండ్ల తరబడి అనుభవములో నున్న సొత్తుపై ఎట్టివారికైనను మమకారము కలుగవచ్చునని స్వామి యెఱుగును. భరతుని ముఖమున కనబడినది ఎదురుచూపు మాత్రమే. ఆయన కోశమును, ధాన్యాగారములను, సేనను పదిరెట్లు చేసి అప్పగించెను. అదియు రాముని తేజస్సు చేతనే జరిగినదని విన్నవించెను. పెరిగినది యజమానునిది, శ్రమ తనది.

కనుక మొదటి నియమము: ఆ యింటిని మన యిల్లువలె కాపాడవలెను; మన యిల్లువలె అనుభవింపరాదు. మూసిన గది మూసియే యుండవలెను. బీరువాలోని వస్తువులు మనకు కనబడనివే. ఇంటివారి అనుమతి లేక మన స్నేహితులను అచ్చటికి పిలువరాదు. దేవతార్చన విషయమున మఱింత జాగరూకత వలయును. సాలగ్రామారాధన యున్న యింట, స్వామిని వెంట తీసికొని పోవుదురా, అర్హుడైన మఱియొకరికి అప్పగింతురా అన్నది గృహస్థుడే నిర్ణయింపవలెను. చెప్పని పూజకు చేయి చాపక, చెప్పిన దీపమును, చెప్పిన తులసినీటిని తప్పకుండుటయే మనకు ఆరాధన.

రెండవ నియమము: మాట యిచ్చుటకు ముందే మన శక్తిని తెలిసికొనవలెను. ప్రయాణమునకు ఒకటి రెండు దినములు ముందుగా పోయి, ఆవు ఏ వేళకు మేయునో, ఎవరి చేతికి పాలిచ్చునో, కుక్క ఎవరిని చూచి మొఱుగునో కన్నులార చూడవలెను. పశువైద్యుని ఫోను నంబరు, విద్యుత్తు మెయిను, గ్యాసు కట్టివేయు తీరు, ఇంటివారు అందుబాటులో లేనప్పుడు పిలువవలసిన బంధువు పేరు, ఇవన్నియు కాగితముపై వ్రాయించుకొనవలెను. పరదేశమునందున్నవారు మఱియొక సంగతి యెఱుగవలెను. బసకు బదులుగా చేయు సేవను కూడ ఉద్యోగముగానే యెంచు దేశములు కలవు గాన, వీసా నియమములను ముందుగా విచారించి ఒప్పుకొనుట మేలు.

గృహస్థునకును ధర్మము కలదు. కఱచు కుక్కను సాధువని చెప్పరాదు. రోగముతో నున్న ఆవును దాచిపెట్టి అప్పగింపరాదు. దాణాకు, మందులకు కావలసిన సొమ్మును చేతికిచ్చి పోవలెను. కుక్కకు రేబిస్ టీకా వేయించినదియు లేనిదియు స్పష్టముగా చెప్పవలెను. ఒకవేళ కఱచినచో, గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెనని కాచువారు గుర్తుంచుకొనవలెను.

మూడవ నియమము: ప్రాణి సేవలో మన వేళ ప్రధానము కాదు, దాని వేళ ప్రధానము. దిలీప మహారాజు వసిష్ఠుని నందినీధేనువును 21 దినములు సేవించిన కథను కాళిదాసు రఘువంశమున వర్ణించెను. ఆవు నిలిచిన తాను నిలిచెను. అది కూర్చుండిన తాను కూర్చుండెను. అది నీరు త్రాగిన పిదపనే తాను త్రాగెను. చక్రవర్తి యొకడు పరుల గోవునకు నీడయై నడచెను. మనము అంత చేయలేకున్నను, మన భోజనమునకు ముందు దాని తొట్టిలో నీరున్నదా యని ఒకసారి చూచి రావచ్చును గదా! ప్రాణిని తన సంరక్షణలో నుంచుకొన్న ప్రతి వ్యక్తికిని దాని క్షేమము చూడవలసిన విధి కలదని మన దేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును చెప్పుచున్నది. యజమానుడు ఊరిలో లేడన్న మాట ఆ విధిని తొలగింపదు.

ప్రేమతో చేయు పొరపాటులును కలవు. పండుగనాడు పుణ్యమని ఆవునకు పొంగలి, అన్నము గంపలతో పెట్టువారున్నారు. అలవాటు లేని అన్నము, ధాన్యము ఒక్కసారిగా మేసిన ఆవునకు కడుపులో పులుపు పెరిగి ప్రాణము మీదికి వచ్చును. అట్లే ప్రసాదమని కుక్కకు లడ్డూ పెట్టరాదు. అందులోని కిస్‌మిస్ పండ్లు కుక్కల మూత్రపిండములను చెఱచగలవు. ఉల్లి, చాకొలెట్టు కూడ వానికి విషప్రాయములే. ఇంటివారు రోజు పెట్టుచున్నదే పెట్టవలెను. మన భక్తి దాని కడుపునకు కష్టము కారాదు.

నాలుగవ నియమమును ఒక శునకము కథ నేర్పుచున్నది. శ్రీ చైతన్య మహాప్రభుని దర్శించుటకు వంగదేశమునుండి పురీ క్షేత్రమునకు పోవు భక్తబృందమును శివానందసేనుడు నడిపించెడివాడు. ఒక యేడు ఒక కుక్క వారి వెంట బడెను. ఆయన దానికిని అన్నము పెట్టించుచు వచ్చెను. ఒక రేవున పడవవాడు కుక్కను ఎక్కించుకొననన్నప్పుడు గవ్వలు చెల్లించి దానిని దాటించెను. ఒకనాడు సుంకరి యొద్ద ఆయనకు ఆలస్యమైనది. ఆ రాత్రి సేవకుడు కుక్కకు అన్నము పెట్టుట మఱచెను. శివానందుడు వచ్చి, కుక్కకు అన్నము పెట్టితిరా యని యడిగి, లేదని విని, మనుష్యులను పంపి వెదకించెను. అది కానరాలేదు. ఆయన ఆ రాత్రి ఉపవాస ముండెను. పురీ చేరి చూచినపుడు ఆ కుక్క మహాప్రభుని యెదుట కూర్చుండి, ఆయన విసరుచున్న కొబ్బరి ముక్కలను తినుచు, ఆయన పలికించు నామమును పలుకుచుండెనట. శివానందుడు దానికి సాష్టాంగపడి తన అపరాధమును క్షమింప వేడుకొనెను. మఱచినవాడు సేవకుడు, అపరాధము తనదని తలంచినవాడు యజమానుడు. ఈ కథ చైతన్య చరితామృతమున అంత్యలీలలో కలదు.

దీనిని చదివినప్పుడెల్ల నాకు నా బాల్యచాపల్యము జ్ఞాపకమునకు వచ్చును. మా పొరుగున నొక వైష్ణవ గృహస్థు సకుటుంబముగా తిరుమల యాత్రకు పోవుచు, ఈనిన ఆవును, దూడను నాకప్పగించెను. నాకప్పటికి పందొమ్మిదేండ్లు. మూడవనాటి రాత్రి హరికథకు పోవలెనను తొందరలో దూడ పలుపును వదులుగా ముడివేసితిని. దూడ కట్టు విప్పుకొని తల్లి పాలన్నియు త్రాగెను. తెల్లవారుసరికి పారుకొనుచు లేవలేకపోయెను. పశువైద్యుని పిలుచుకొని వచ్చితిని. రెండు దినములకు అది బ్రతికి బట్టకట్టెను. ఆయన తిరిగి వచ్చి, "అంతయు క్షేమమేనా, నాయనా?" అని యడిగిరి. "క్షేమమేనండి" అంటిని. నా చేతిలో ప్రసాదము పెట్టిరి. ఆ ప్రసాదము నా గొంతు దిగలేదు.

మరుసటి యేడు వారు యాత్రకు వెళ్లునపుడు తాళపుచెవి నాకీయలేదు. బంధువుల ఊరినుండి మనిషిని పిలిపించుకొనిరి. కారణమడుగుటకు నాకు ధైర్యము చాలలేదు. మఱి రెండేండ్లకు ఒక ఏకాదశినాడు వారి అరుగుపై కూర్చుండి జరిగినదంతయు చెప్పితిని. ఆయన నెమ్మదిగా, "ఆ దినమే నాకు తెలియును. గుంజకున్న ముడి నేను వేయునట్టిది కాదు. దూడ ప్రక్కటెముకలు కనబడుచున్నవి. దూడ బ్రతికినది కదా, దానికై నాకు చింత లేదు. నీవు చెప్పుదువేమో యని ఎదురు చూచితిని" అనిరి. ఆ సంవత్సరము తాళపుచెవి మరల నా చేతికి వచ్చినది.

కావున సోదరులారా, పాత్ర పగిలినను, మొక్క ఎండినను, ప్రాణికి జబ్బు చేసినను, వెంటనే ఫోనులో ఇంటివారికి చెప్పుడు. వారి యాత్రకు భంగము కలుగునను వంకతో దాచవలదు. నష్టము నొక దినములో మఱతురు. దాచిన మాటను మఱువరు.

ఐదవ నియమము: తిరిగి యిచ్చుటను ప్రేమతో చేయవలెను. భాగవత పంచమస్కంధమున భరతమహారాజు గండకీతీరమున నీటిలో కొట్టుకొనిపోవు జింకపిల్లను కాపాడెను. కాపాడుట దోషము కాదు. దానిని తనదిగా జేసికొని, ఆరాధనమును విడిచి, దేహాంతమున దానినే తలంచి జింకయై పుట్టెను. పరుల ప్రాణిని సాకునప్పుడు దయ పూర్తిగా నుండవలెను, మమకార ముండరాదు. ఇంటివారు వచ్చిననాడు కుక్క మనలను విడిచి వారి వైపు పరుగెత్తినచో, మన సేవ సఫలమైనదని సంతోషింపవలెను.

మన తిరుమల క్షేత్రమే ఇట్టి అప్పగింతకు సాక్షి. 14వ శతాబ్దమున శ్రీరంగముపై దండయాత్ర జరిగినప్పుడు అచ్చటి ఉత్సవమూర్తిని భక్తులు ఊరూర దాచుచు తెచ్చి తిరుమలలో నుంచిరి. ఆలయములోని రంగనాయకుల మండపము నేటికిని ఆ పేరును ధరించియున్నది. ఏండ్ల తరబడి ఆరాధించిన మూర్తిని, కాలము అనుకూలింపగనే, 1371లో గోపణార్యుడు శ్రీరంగమున పునఃప్రతిష్ఠ చేయించెను. సాక్షాత్తు రంగనాథుడే అతిథియై యుండగా, తిరుమల ఆయనను భద్రముగా కాచి, ఆయన యింటికి ఆయనను పంపినది.

ఇక తుదిమాట. పాంచరాత్రాగమము చెప్పిన శరణాగతి యొక్క అంగములలో ఆత్మనిక్షేపము ఒకటి. నిక్షేపమన్న ఆ మాటనే మన యాచార్యులు పరమార్థమునకు వాడిరి. ఈ ఆత్మ స్వామి సొత్తు. ఈ దేహము, ఈ యిల్లు, ఈ బిడ్డలు, ఈ పశువులు కొంతకాలము మన చేతిలో నుంచబడినవి. యజమానుడు ఏనాడు వచ్చునో మన మెఱుగము. పొరుగువాని ఆవునకు వేళకు నీరు పెట్టి, విఱిగినదానిని విఱిగినదని చెప్పి, తాళపుచెవిని నవ్వుతో తిరిగి యిచ్చుట నేర్చినవానికి, ఆనాడు స్వామి చేతికి తన్ను తానప్పగించుకొనుట కష్టము కాదు.

గోవిందుడు యాత్రికులను దారిలోను, వారి యిండ్లను కాచువారిని ధర్మములోను రక్షించుగాక!

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.