పాశం లింగానికి చుట్టుకున్నాక

మార్కండేయుడి ఆయుష్షు పదహారేళ్లే. పుట్టకముందే ఖాయమైన లెక్క అది. సంతానం కోసం తపస్సు చేసిన మృకండు మహర్షిని శివుడు అడిగాడు: నూరేళ్లు బతికే మందమతి కావాలా, పదహారేళ్లకే పోయే గుణవంతుడా? తండ్రి రెండోవాణ్నే కోరాడు. గడువు నిండిన రోజు యముడు పాశం విసిరాడు. పిల్లవాడు శివలింగాన్ని కౌగిలించుకున్నాడు. పాశం లింగానికీ చుట్టుకుంది. లింగం చీల్చుకుని శివుడు బయటికొచ్చి యముణ్ని తన్నాడు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పద్మశాలీలకు ఇది వట్టి పురాణం కాదు, వంశకథ. తొలి బట్ట నేసిన భావనారుషి మార్కండేయుడి హోమగుండంలోంచి పుట్టాడని వారి కులపురాణం చెబుతుంది. కూనపులివారు పొడవాటి బొమ్మల పటం విప్పి, ఒక్కో బొమ్మ చూపిస్తూ ఈ కథ చెబుతారు. ఆనాడు పాశం బిగిసి ఉంటే భావనారుషి లేడు, మగ్గం లేదు, పటం ముందు కూర్చున్న శ్రోతలూ లేరు. ఒక కథ ముగింపు మీద ఒక కులం నిలబడి ఉంది!

ఇలాంటి ముగింపుకు ‘యూకెటాస్ట్రఫీ’ అని పేరు పెట్టినవాడు ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్. కథ తలకిందులయ్యే చివరి మలుపు గ్రీకులో కెటాస్ట్రఫీ; దానికి ముందు ‘మంచి’ అనే అర్థంలో ‘యూ’ తగిలించాడు. 1944లో కొడుకు క్రిస్టఫర్‌కు రాసిన ఉత్తరంలో ఈ మాటను వివరించాడు. 1939లో సెయింట్ ఆండ్రూస్‌లో అద్భుతకథలపై చేసిన ప్రసంగాన్ని పెంచి 1947లో అచ్చువేసినప్పుడు దీన్ని అందులో చేర్చాడు. కేథలిక్కు కదా, క్రీస్తు పునరుత్థానాన్నే ఇందుకు గొప్ప ఉదాహరణగా చూపాడు. అయితే రెండు షరతులు పెట్టాడు. దుఃఖం, ఓటమి నిజంగానే పొంచి ఉండాలి; ఆ అనుగ్రహం మళ్లీ వస్తుందని లెక్కవేసుకోకూడదు.

మొదటి షరతు మన భరతుడికీ తెలుసు. నాటకానికి చివరిదైన నిర్వహణ సంధిలో అద్భుత రసం ఉండాలన్నాడు నాట్యశాస్త్రంలో. దానికి ముందుండేది విమర్శ సంధి: ఫలం అందేలోపు అడ్డం పడే ఘట్టం. గండం లేనిదే అద్భుతం లేదు.

చిక్కుముడి విప్పడానికి దేవుణ్ని యంత్రం మీద దించే నాటకాలను అరిస్టాటిల్ మెచ్చలేదు. ముగింపు కథలోంచే రావాలన్నాడు. ఆ లెక్కన శివుడు కూడా దిగుమతి దేవుడేనా? కాదనే చెప్పాలి. వరం ఇచ్చింది ఆయనే, గడువు పెట్టిందీ ఆయనే. పైగా ఆ గడువును కథ కొట్టేయలేదు. మార్కండేయుడు చిరంజీవి అయ్యాడు కానీ పదహారు దాటలేదు, ఎప్పటికీ పదహారేళ్లవాడే.

రెండో షరతు దగ్గరే పేచీ. మన పురాణాలు కథ అయ్యాక ఊరుకోవు, ఫలశ్రుతి చెబుతాయి: విన్నవారికి ఆయువు, చదివినవారికి సంపద. జగిత్యాల జిల్లాలోనే గోదావరి ఒడ్డున ధర్మపురి ఉంది. నరసింహస్వామి ఆలయ ప్రాంగణంలో యముడికీ గుడి ఉన్న అరుదైన క్షేత్రం. ధర్మపురికి వస్తే యమపురి ఉండదని జనం నానుడి. ఒక్కసారి జరిగిన అనుగ్రహాన్ని అందరికీ హామీపత్రంగా మార్చడం ఇది.

సిరిసిల్లలో ఆ హామీ ఏమైంది? 1990ల చివరి నుంచి ఆ ఊరి పేరు నేతన్నల ఆత్మహత్యలతో పత్రికలకెక్కింది. పనిలేమి, అప్పులు. చనిపోయినవారు మార్కండేయుడి కథ వినని వాళ్లేమీ కాదు. 2017లో బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డర్లు వచ్చి మరమగ్గాలకు పని దొరికింది. అది ఊరట, కానీ పోయినవాళ్లకు అందనిది.

కాబట్టి ఫలశ్రుతి అబద్ధమా? అది కథకు బయట, శ్రోత కోసం కట్టిన మాట అని ఒప్పుకుంటే చాలు. కథ లోపల మార్కండేయుడికి ఏ ఫలశ్రుతీ వినిపించలేదు. లింగాన్ని పట్టుకున్న క్షణాన అతడికి తెలిసింది పదహారేళ్ల గడువు ఒక్కటే.