ఉండటమా, వెళ్లటమా?



పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు క్లబ్ మారతాడనగానే అభిమానులు రెండుగా చీలిపోతారు. పెంచిన జట్టును వదలకూడదని కొందరు, గెలిచే చోటికి వెళ్లాలని కొందరు.

ఫ్రాన్సెస్కో టొట్టి ఉండిపోయాడు. రియల్ మాడ్రిడ్ రమ్మన్నా కదలక, పుట్టిన ఊరి జట్టు రోమాకే పాతిక సీజన్లు ఆడాడు. దక్కిన లీగ్ టైటిల్ ఒక్కటే, 2001లో. 2017 మేలో ఆఖరి మ్యాచ్ అయ్యాక మైదానంలో నిలబడి ఉత్తరం చదువుతుంటే స్టేడియమంతా కంటతడి పెట్టింది.

హ్యారీ కేన్ వెళ్లిపోయాడు. టాటెన్‌హామ్‌కు 280 గోల్స్ కొట్టినా ఒక్క ట్రోఫీ కూడా రాలేదు. 2023 ఆగస్టులో బయెర్న్ మ్యూనిక్‌లో చేరిన రోజే సూపర్ కప్ మ్యాచ్‌లో దిగాడు. జట్టు 3-0 తేడాతో ఓడింది. వరసగా పదకొండుసార్లు లీగ్ గెలిచిన బయెర్న్ ఆ సీజన్‌లో దాన్నీ పోగొట్టుకుంది. కేన్ దురదృష్టం మీద జోకులు పేలాయి. అతను మాత్రం గోల్స్ కొడుతూనే ఉన్నాడు. 2025లో టైటిల్ చేతికొచ్చింది.

ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఒకరికి ఊరు ముఖ్యం, ఇంకొకరికి కప్పు. ఉద్యోగం మారాలా వద్దా అని మీరూ ఊగిసలాడుతుంటే, నలుగురూ ఏమంటారో పక్కన పెట్టండి. ఏ లోటునైతే సణుగుడు లేకుండా భరించగలరో, ఆ దారే మీది.